మూతలెత్తే మా బావ

మా అక్కని చేసుకున్నవాడు కాబట్టి ఆయన నాకు బావ. మా చర్చికి వచ్చేవాళ్లందరికీ మాత్రం ఆయన మూతలాయన. ఆ పేరు ఎదురుగా ఎవరూ అనరు. వెనకాల చిన్నాపెద్దా తేడా లేకుండా అందరూ అంటారు, నాతో సహా.

బావ వృత్తికి టైలరు, అందులోనూ మంచి టైలరు. ఆయన కుట్టిన చొక్కా చిరగాలే తప్ప కుట్టు విడదని చెప్పుకునేవారు. అయితే కుట్టుపని ఆయనకి పొట్టకోసం. ప్రాణం పెట్టి చేసే పని వేరే ఉంది. పేదవాళ్లు నిజంగా పేదవాళ్లేనా కాదా అని తేల్చడం.

మా చర్చిలో సహాయ సంఘం ఒకటుంది. ప్రతి శనివారం మధ్యాహ్నం హాల్లో భోజనం పెట్టి, వెళ్లేటప్పుడు వారానికి సరిపడా సరుకుల సంచి చేతికిస్తారు. అడిగిన ప్రతివాళ్లకీ ఇవ్వరు. సంఘం తరపున ఇద్దరు ఆ ఇంటికి వెళ్లి చూసి, ఇద్దరూ ఔనంటేనే ఇస్తారు. ఇద్దరేసి వెళ్లడం ప్రభువు శిష్యుల్ని పంపిన పద్ధతి అని పాత ఫాదర్ గారు పెట్టిన ఏర్పాటు. శిష్యులు ఇళ్లకి వెళ్లి ఏం చేశారో నాకు తెలీదు గానీ, మా బావ మాత్రం తిన్నగా వంటింట్లోకి వెళ్లి గిన్నెల మీద మూతలెత్తి చూసేవాడు.

నోరు అబద్ధమాడుతుంది, గిన్నె ఆడదు అని ఆయన వాదం. కూర ఉంటే ఎంతుంది, నిన్నటిదా ఇవాళ్టిదా, పైన నూనె తేలుతోందా, అన్నీ వంగి చూసి, మూత మళ్లీ చప్పుడు కాకుండా పెట్టేవాడు. అంత జాగ్రత్త ఎందుకంటే మర్యాద అనేవాడు. ఆ ఇల్లాలు గోడకి ఆనుకుని, నేల చూపులు చూస్తూ నిలబడి ఉండేది. తర్వాత ఆ ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్లనో, అందరికన్నా పెద్దవాళ్లనో పిలిచి, "పొద్దున ఏం తిన్నారు?" అని అడిగేవాడు. నడివయసువాళ్లకి పరువు అడ్డొస్తుందట, ఆ చివరా ఈ చివరా ఉన్నవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తారట.

ఒకసారి ఒక ఇంటివాళ్లకి మేం వస్తున్న సంగతి ముందే తెలిసిపోయి, టీవీని దుప్పట్లో చుట్టి మంచం కింద దాచారు. కంగారులో తీగ పీకడం మర్చిపోయారు. బావ వంటింట్లో మూతలెత్తుతూ ఉంటే మంచం కింద నుంచి వాతావరణ సూచనలు వినిపించాయి. ఆ రోజే ఆయన కొత్త నియమం తెచ్చాడు. వెళ్లబోయే ఇల్లేదో ఫాదర్ గారు జంటలో ఒకరికే చెప్పాలి. గుమ్మం ముందు నిలబడేదాకా రెండోవాళ్లకి తెలియకూడదు. ఒక వారం ఆయన వంతు, ఒక వారం జతవాళ్ల వంతు. ఆ జత నేనే. ఆడవాళ్లున్న ఇళ్లకి ఆడమనిషి తోడుండాలన్నారు. బావతో వెళ్లడానికి సంఘంలో ఇంకెవరూ ఒప్పుకోలేదు. దాంతో బడిలో పిల్లలకి అక్షరాలు దిద్దించి వచ్చి, సాయంత్రాలు ఆయన వెనక వీధులు పట్టుకుని తిరిగేదాన్ని.

ఆయన నియమాలు ఇంకా ఉన్నాయి. వెళ్లిన ఇంట్లో కూర్చోకూడదు, మంచినీళ్లు కూడా ముట్టకూడదు. అమ్మితే నాలుగు డబ్బులొచ్చే వస్తువు ఉంటే అది పేదిల్లు కాదు. హాల్లో వడ్డించేవాళ్లు అక్కడి మెతుకు నోట పెట్టకూడదు. ఈ ఆఖరిదంటే ఆయనకి మహా గర్వం. ఇన్నేళ్లలో హాలు భోజనం రుచి కూడా చూడలేదని నలుగురిలో చెప్పుకునేవాడు. ఎవరైనా కంచంలో అన్నం వదిలేస్తే మాత్రం ఒంటికాలి మీద లేచేవాడు. ఆకలి తెలిసినవాడెవడూ అన్నం వదలడు, ఈ మనిషి ఇంటికి మళ్లీ ఒకసారి వెళ్లి చూడాలి అని నా చెవిలో గొణిగేవాడు.

ఇలా ఉండగా పాత ఫాదర్ గారు బదిలీ అయ్యి కొత్త ఫాదర్ గారు వచ్చారు. చిన్న వయసు, మందపాటి కళ్లద్దాలు, ఎవరేం చెప్పినా పూర్తిగా వినే గుణం. అన్నం పెట్టి ఊరుకుంటే చాలదు, ఆ ఆకలి ఎందుకొచ్చిందో కూడా అడగాలి అన్నారు మొదటి ప్రసంగంలోనే. అందరూ బాగుంది బాగుంది అన్నారు. అడగడానికి న్యాయ కమిటీ అని ఒకటి వేశారు. దానికి పెద్దగా బియ్యం షావుకారుని పెట్టారు. హాలుకి బియ్యం ఇచ్చేది ఆయనే కాబట్టి వేరే పేరు ఎవరికీ తట్టలేదు.

కమిటీ నెలనెలా కూర్చుని ఆకలికి మూలకారణాలు వెతికేది. వెతుకులాటలో నీరసం రాకుండా హోటలు నుంచి పలహారాలు తెప్పించుకునేవారు. పలహారాలు రాకముందు వాటి మీద ధ్యాస, వచ్చి వెళ్లాక నిద్ర. మధ్యలో మూలకారణాలకి వ్యవధి దొరికేది కాదు. చివరికి ఒక శనివారాన్ని న్యాయ దినంగా జరపాలని తీర్మానించారు. మేత్రాసనం నుంచి, అంటే బిషప్పుగారి ఆఫీసు నుంచి, ఒక పెద్ద ఫాదర్ని అతిథిగా పిలవాలి. హాలు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఎర్రగుడ్డ కట్టాలి. దాని మీద తెల్లగుడ్డతో అక్షరాలు కత్తిరించి 'చేసిన పనికి తగిన కూలి' అని కుట్టాలి. ఆ కుట్టుపని మా బావకి అప్పగించారు. సేవ కింద, ఊరికే.

బావ పొంగిపోయాడు. ఆయనకి అప్పటికి చేతిలో వేరే పని ఉంటే కదా. రెడీమేడ్ దుకాణాలు వరసగా వెలిశాక బట్ట కొని కుట్టించుకునేవాళ్లు తగ్గిపోయారు. కొట్టు మూసేసి మిషను ఇంటి ముందు గదిలోకి తెచ్చుకున్నాడు. వచ్చే గిరాకీ అల్లా ప్యాంటు పొట్టి చేయించుకునేవాళ్లూ, జిప్పు మార్పించుకునేవాళ్లూ. ఎవరైనా అడిగితే సేవకి టైము చాలడం లేదు, పని తగ్గించుకున్నాను అనేవాడు. పీఠం మీద పరిచే గుడ్డలు, ఫాదర్ గారి అంగీలు, పాటల బృందం పిల్లల గౌన్లు, అన్నీ ఆయన చేతి మీదుగానే వెళ్లేవి. ఒక్కదానికీ పైసా అడిగేవాడు కాదు. ఇవ్వాలని ఎవరికీ తోచేదీ కాదు.

ఒక ఆదివారం పూజ అయ్యి బయటికొస్తూ మా అక్క చర్చి మెట్ల మీద కూర్చుండిపోయింది. చెప్పులు సర్దుకుంటోందేమో అనుకున్నాను. ఎంతకీ లేవలేదు. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. ఫాదర్ గారు పరుగున వెళ్లి మంచినీళ్లు తెచ్చారు. అలవాటైన నోరు కదా, "పొద్దున ఏం తిన్నావే?" అని అడిగేశాను. అక్క నా ముఖంలోకి చూసి నీరసంగా నవ్వింది. ఆ తర్వాత ఇక దాచలేదు.

ఇంట్లో సరుకులు నిండుకుని చాలా రోజులైంది. ఉన్న కాస్తా అత్తగారికి పెట్టి, తాను ముందే తిన్నానని బావతో చెబుతోంది. "ఆయన సంగతి దిగులు లేదు ఫాదర్. మీ ఇంట్లో, మీ బల్ల దగ్గరే తింటున్నారు కదా," అంది. ఫాదర్ గారు కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

బావ మీద నాకు ఒళ్లు మండిపోయింది. ఆ సాయంత్రానికే మా ఇంటి నుంచి సరుకులు పంపుతానన్నాను. అక్క వద్దంది. చెల్లెలి దయ మీద ఎన్నాళ్లు బతకను అంది. ఆ హాలుకి ఇన్నేళ్లుగా కూరగాయలు తరిగిపెట్టిన మనిషి తను. అందరూ అడిగినట్టే అడుగుతాను, అందరి ఇంటికీ వచ్చినట్టే వచ్చి చూసుకోమను అంది. పోనీ మీవారికి తలవంపులు కాకుండా గుట్టుగా ఒక సంచి పంపించనా అన్నారు ఫాదర్ గారు.

"వెనక గుమ్మంలోంచి వస్తే అది నాకు ఇచ్చినట్టు కాదు ఫాదర్. ఆయన పరువుకి ఇచ్చినట్టు," అంది అక్క.

ఫాదర్ గారు కళ్లద్దాలు పెట్టుకుని నా వైపు తిరిగారు. "ఈ వారం ఇల్లు తెలిసే వంతు మీదే కదమ్మా?" అన్నారు. ఔనన్నాను. ఈ వారం ఇల్లు ఏదో నాకు తెలిసిపోయింది. జంటలో ఇద్దరూ ఔనంటేనే సంచి. నా ఔను ఎలాగూ ఉంది. అక్క పస్తులు తీరతాయా లేదా అన్నది ఇక బావ నోటి మీద ఆధారపడి ఉంది.

అనుకున్న సాయంత్రం బయల్దేరాం. బావ చేతులు వెనక్కి కట్టుకుని హుషారుగా నడుస్తున్నాడు. బ్యానర్లో ఆఖరి అక్షరం కుట్టేశాననీ, ఎర్రగుడ్డ మంచి నాణ్యమనీ చెబుతున్నాడు. మలుపు తిరిగి వాళ్ల వీధిలోకి రాగానే చుట్టూ చూసి, "ఈ వీధిలో కూడా పేదవాళ్లున్నారా? నాకు తెలియకుండానా?" అన్నాడు. ఆయన ఇంటి ముందు ఆగాను. దాహమేస్తోందా, లోపలికెళ్లి తాగి రా, నేనిక్కడే ఉంటాను అన్నాడు.

"ఇదే ఇల్లు, బావా," అన్నాను.

ముందు నవ్వాడు. తర్వాత నా ముఖం చూసి నవ్వు ఆపేశాడు. ఈలోగా తలుపు తెరుచుకుంది. అక్క ఉతికిన బట్టలు కట్టుకుని, తల దువ్వుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ముక్కూమొహం తెలియనివాళ్లతో అన్నట్టు, "రండి, కూర్చోండి," అంది. బావకి ఏం చెయ్యాలో తోచక అలవాటైన మాటే వచ్చింది.

"వద్దండీ. మేం కూర్చోం."

సొంతింట్లో, తన కుర్చీ ముందు నిలబడి, కట్టుకున్న పెళ్లాంతో అన్న మాట అది. మంచినీళ్లు తీసుకుంటారా అని అక్క అడిగితే దానికీ వద్దండీ అన్నాడు. ఇంకోరోజైతే నేను కడుపు పట్టుకుని నవ్వేదాన్ని. 

ఆయన ఇక నోరు విప్పేలా లేడని అడగాల్సినవి నేనే అడిగాను. ఇంట్లో ఎంతమంది అంటే ముగ్గురం అంది. సంపాదించేది ఎవరు అన్నాను. అక్క బావ వైపు చూడలేదు.

"ఆయనే. పొద్దస్తమానం కష్టపడతారు. పనికేం లోటు లేదు. కూలే లేదు," అంది.

మూల మంచం మీద నుంచి అక్క అత్తగారు, అంటే బావ వాళ్లమ్మ, దగ్గింది. చుట్టాలొస్తే ఆవిడకి పండగే. "నన్నడగరేం? ఈ ఇంట్లో పెద్దదాన్ని నేనే కదా?" అంది. ఎవరూ అడక్కముందే చెప్పడం మొదలెట్టింది. పొద్దున తాను అన్నం తిందట. కోడలు ముందే తిన్నానందట, ఎప్పుడు తిందో ఈవిడ చూడలేదట.

"మావాడు ఫాదర్ గారింట్లో తిన్నానంటాడు. మరి కోడలు అటు తిరగ్గానే నా కంచంలో అడుగున మిగిలింది వేలితో ఊడ్చుకుని నాకుతాడెందుకు?"

 అక్క మెల్లిగా బావ వైపు తిరిగింది. అంతసేపూ పరాయి మనిషిని చూసినట్టు చూసిన కళ్లు ఒక్కసారిగా భార్య కళ్లయిపోయాయి.

"మీరు అక్కడ తినడం లేదా?"

"నువ్వు ముందే తినేశానన్నావుగా?" అన్నాడు బావ.

 బావ ఆ చూపుకి తట్టుకోలేక వంటింట్లోకి నడిచాడు. అలవాటో, ముఖం చాటెయ్యడానికో తెలీదు, పెద్ద గిన్నె మీద మూత ఎత్తాడు. లోపల దారపు ఉండలున్నాయి. బొత్తాలున్నాయి. బ్యానర్ కత్తిరించగా మిగిలిన ఎర్రగుడ్డ పీలికలు మడతపెట్టి ఉన్నాయి.

"బయట పెడితే ఎలకలు కొడుతున్నాయి. ఆ గిన్నెతో వేరే పనేం లేదు కదా అని అందులో పెట్టాను," అంది అక్క.

బావ మూత మళ్లీ చప్పుడు కాకుండా పెట్టాడు.

ఇల్లు చూశాక బయటికొచ్చి మాట్లాడుకోవడం మా పద్ధతి. వీధిలో నిలబడ్డాం. ఏమంటావు బావా అన్నాను. ఆయన చెప్పుల వంక చూసుకున్నాడు. ఆ తర్వాత, చెబితే నమ్మరు, "మిషను ఉంది కదా. అమ్మితే డబ్బులొస్తాయి. నియమం ప్రకారం ఇవ్వకూడదు," అన్నాడు.

నాలో కోపం కట్ట తెంచుకుంది. వీధి అని కూడా చూడకుండా దులిపేశాను. మిషను అమ్ముకుని ఆ డబ్బు తింటే రేపు దేంతో కుడతావు అన్నాను. ఇస్త్రీ పెట్టె ఉందని ఇస్త్రీ ఆవిడకి వారాల తరబడి సంచి ఆపి తిప్పించావు, తోపుడుబండి ఉందని పళ్లాయనకి అసలే లేదన్నావు, వాళ్లని కూడా ఇలాగే బతుకుతెరువు అమ్ముకుని తినమన్నావు కదా అన్నాను. బావ ఎప్పుడూ లేనిది, తన ఇంటి గుమ్మం మీదే చతికిలబడ్డాడు. వెళ్లిన ఇంట్లో కూర్చోకూడదన్న నియమం ఆ రోజు పోయింది.

"ఇవ్వమను," అన్నాడు చివరికి. "ఆ పళ్లాయనకి కూడా."

శనివారం వచ్చింది. హాలు కళకళలాడిపోయింది. ఎర్రగుడ్డ ఈ గోడ నుంచి ఆ గోడ దాకా బిగించి కట్టారు. కుట్టు ఎక్కడా వంకర లేదు. మేత్రాసనం ఫాదర్ గారు దాన్ని చూసి ఎంత బాగుందో అన్నారు, కుట్టిందెవరని అడగలేదు. బియ్యం షావుకారు శ్రమ విలువ గురించి మాట్లాడాడు. ఆకలితో ఉన్నవాళ్లు లైన్లో నిలబడి ఆ విలువంతా విన్నారు. బావ ఎప్పటిలాగే ముందు గుడ్డ కట్టుకుని, గరిటె పట్టుకుని బల్ల వెనక ఉన్నాడు. ఫోటోగ్రాఫరు సిద్ధమయ్యాడు.

అప్పుడు అక్క అత్తగారిని నడిపించుకుంటూ వచ్చి లైన్లో నిలబడింది. షావుకారు చూసి, వంటిల్లు అటు వైపు కదమ్మా అన్నాడు. తరగడానికి కాదు, తినడానికొచ్చానని అక్క చెప్పింది. ఆయన అర్థం కాక నవ్వాడు. చుట్టుపక్కలవాళ్లు ఒకళ్ల ముఖాలొకళ్లు చూసుకున్నారు. అందరి చూపూ బావ మీదికి మళ్లింది.

 ఏదో పని ఉన్నట్టు వెనక్కి జారుకుంటాడని, అక్క ఒంటరిగా ఆ చూపులన్నీ మొయ్యాల్సి వస్తుందని భయపడ్డాను. బావ గరిటె కింద పెట్టాడు. ముందు గుడ్డ విప్పి మడతపెట్టి బల్ల మీద ఉంచాడు. బల్ల చుట్టూ తిరిగి వచ్చి, వాళ్లమ్మ వెనక నిలబడ్డాడు.

"అదేంటయ్యా, ఫోటో తీస్తుంటే? అటెళ్లు," అన్నాడు షావుకారు.

"మా ఇంటికి విజిట్ అయిందండీ. పాసయ్యాం," అన్నాడు బావ.

వడ్డించే వంతు నాకొచ్చింది. ఆయన కంచంలోనూ అన్నం పెట్టాను. ముగ్గురూ ఒక బెంచీ మీద కూర్చున్నారు, పక్కనే ఇస్త్రీ ఆవిడ. బావ మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆపేశాడు. బియ్యం ముక్కిపోయిన వాసన. షావుకారు గోడౌన్లో అమ్ముడుపోక మూలపడ్డ బస్తాలే హాలుకి దానంగా వచ్చేవి. బావ ఇన్నేళ్లుగా బస్తాలు మోశాడు, వడ్డించాడు, వదిలేసినవాళ్లని తిట్టాడు. తినడం మాత్రం అదే మొదలు.

ఇస్త్రీ ఆవిడ వైపు వంగి, ప్రతివారం ఇలాగే ఉంటుందా అని అడిగాడు.

"ఇవాళ నయమండీ. పెద్దవాళ్లొచ్చారు కదా," అంది ఆవిడ.

బావ లేచాడు. హాలు పక్క గదిలో అతిథుల కోసం హోటలు నుంచి తెప్పించిన గిన్నెలు వరసగా ఉన్నాయి. నేరుగా వెళ్లి పెద్దదాని మూత ఎత్తాడు. కమ్మటి ఆవిరి హాల్లోకి కొట్టింది. ఎప్పటిలాగే వంగి చూశాడు. ఇవాళ్టిదే. నూనె తేలుతోంది. షావుకారు కంగారుగా వెనకే వచ్చి, అది అతిథులకి అన్నాడు. బావ నిటారుగా నిలబడి ఆయన వైపు తిరిగాడు. ఎన్నో ఇళ్లలో ఎంతోమందిని అడిగిన ఆ గొంతుతోనే అడిగాడు.

"పొద్దున ఏం తిన్నారండీ?"

 బావ గిన్నె ఎత్తబోయాడు. తిండి లేని ఒళ్లు, అది లేవలేదు. మా కొత్త ఫాదర్ గారు చేతులు పైకి మడుచుకుని వచ్చి రెండో వైపు పట్టుకున్నారు. ఇద్దరూ కలిసి దాన్ని హాలు మధ్యలోంచి మోసుకొచ్చి మా బల్ల మీద పెట్టారు. మేత్రాసనం ఫాదర్ గారు ఇదంతా కార్యక్రమంలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు. ఆయన కొట్టాక అందరూ కొట్టారు. అందరితో పాటు షావుకారూ కొట్టాల్సొచ్చింది.

తలా ఒక గరిటె వచ్చింది. ఇవాళ వంటవాడెవరో మంచివాడు, ఇతన్నే ఉంచుకోండి అని అక్క అత్తగారు నాకు గట్టిగా చెప్పింది. బావ తిరిగి వచ్చి కూర్చున్నాడు. తినవేం అని అక్కని అడిగాడు. నేను తింటున్నాను, మీరు తినండి అంది అక్క. ఆ మాట విని ఇద్దరూ ఆగిపోయారు. ఆ తర్వాత బావ అక్క కంచం వైపే చూస్తూ, అక్క బావ కంచం వైపే చూస్తూ, ఒకళ్ల ముద్ద లోపలికి వెళ్లిందని చూసుకున్నాకే ఇంకొకళ్లు ముద్ద ఎత్తుకుంటూ, రెండు కంచాలూ ఖాళీ అయ్యేదాకా అలాగే తిన్నారు.